ఈసీలో కనిపించని ఇల్లాలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అంటారు మన పెద్దవాళ్ళు. రెండూ ఎంత కష్టమో చెప్పే సామెత అది. అయితే కట్టిన ఇల్లూ చేసిన పెళ్ళీ రెండూ ఒక్కసారే చిక్కులో పడితే ఏం చేయాలో ఆ సామెత చెప్పదు. మొగుడూ పెళ్ళాం విడిపోయారు. ఇల్లు ఎవరిదో ఇంకా తేలలేదు. ఆ ఇంటి మీద అప్పు ఉంది. అట్లాంటప్పుడు ఆ ఇంటిని మళ్ళీ తాకట్టు పెట్టాలంటే ఎవరి సంతకం కావాలి?

చూసేదానికి ఇది వకీళ్ళ ప్రశ్న మాదిరి ఉంటుంది. కానీ దీనికి ఇప్పుడున్న జవాబు వింటే మనలో ఎవరికైనా కోపం రావాల్సిందే. ఇల్లు ఆయన ఒక్కడి పేరున ఉంటే, దాన్ని ఇంకో అప్పులో ముంచేదానికి ఆమె సంతకం అక్కర్లేదు. ఇల్లూ లోనూ ఇద్దరి పేరునా ఉండి, కంతులన్నీ ఆమే కడుతూ ఉంటే, ఆ భారం కొంచెం తగ్గించుకునేదానికి మాత్రం ఆయన సంతకం కావాలి. అంటే ముంచేదానికి ఒక సంతకం చాలు, తేలేదానికి రెండు కావాలి. ఇది తిరగబడాలి. అప్పు పెరిగేటప్పుడు ఇద్దరి సంతకమూ అడగాలి, అప్పు తగ్గేటప్పుడు కట్టేవాళ్ళ సంతకం ఒక్కటే చాలనాలి. నేను చెప్పదలచుకున్న మాట ఇంతే. ఎందుకో వివరిస్తాను.

ఇల్లు లేచే తీరు, పేరు పడే తీరు

బాగేపల్లి అయినా, చింతామణి అయినా, చిక్కబళ్ళాపురం అయినా మన చాలా ఇళ్ళలో ఇల్లు కట్టే వరుస ఒకటే. ముందు సైటు కొంటారు. ఖాతా ఇంటాయన పేరున, లేకుంటే మామగారి పేరున అవుతుంది. పునాదికి పట్టుగూళ్ళ డబ్బో, టమోటా డబ్బో వస్తుంది. గోడలు లేచేదానికి ఆమె పుట్టింటి బంగారం పోతుంది. కప్పు పడేదానికి ఆమె పేరున సంఘంలో అప్పు తీస్తారు. మిగిలినదానికి బ్యాంకు లోను. గృహప్రవేశం నాడు పాలు పొంగించేది ఆమే. సంఘం అప్పు పుస్తకంలో ఆమె పేరుంటుంది, ఇంటి పత్రంలో ఉండదు.

తెలుగు భాష మాత్రం ఆమెను ఇంటితోనే పిలుస్తుంది. ఇల్లాలు, ఇంటావిడ, గృహిణి. ఇన్ని పేర్లలోనూ ఇల్లు ఉంది. పి. సత్యవతి గారి "ఇల్లలకగానే..." కథలో ఇల్లాలు ఇల్లు అలికీ అలికీ చివరకు తన పేరే మర్చిపోతుంది. ఆమె మర్చిపోయిందని మనం బాధపడతాం. రిజిస్టరు ఆఫీసు పుస్తకంలో ఆ పేరు అసలు ఎక్కనే లేదని మనకు తట్టదు.

మళ్ళీ తాకట్టు అంటే ఏమిటో కూడా చెప్పుకుందాం. ఉన్న లోను తీరకముందే ఇంకో బ్యాంకు దగ్గర తక్కువ వడ్డీకి లోను తీసి పాతది కట్టేయడం ఒక రకం. అదే ఇంటి మీద ఇంకా డబ్బు తీసుకోవడం, అంటే టాప్-అప్, రెండో రకం. బ్యాంకు అప్పు తీరి పత్రాలు చేతికి వచ్చాక వాటిని తీసుకుపోయి ఫైనాన్సు వాళ్ళ దగ్గర కుదువ పెట్టడం మూడో రకం. మన పక్క ఇంటిని భోగ్యానికి ఇచ్చి ఒక్కసారే పెద్ద మొత్తం తీసుకోవడమూ ఉంది. సంసారం బాగున్నప్పుడు ఇవన్నీ మామూలు పనులే. చెడినప్పుడు ప్రతి ఒక్కటీ ఒక ఆయుధమే.

ఆయన ఒక్కడి సంతకంతో

బ్యాంకు అప్పు ఇచ్చే ముందు ఏం చూస్తుంది? హక్కు పత్రం చూస్తుంది, ఖాతా చూస్తుంది, పన్ను రసీదు చూస్తుంది, ఈసీ చూస్తుంది. ఈసీ అంటే ఋణభార పత్రం. ఒక ఆస్తి మీద ఇన్నేళ్ళలో రిజిస్టరు అయిన క్రయాలు, దానాలు, భాగపత్రాలు, తాకట్లు అందులో ఉంటాయి. ఆ ఇంట్లో ఎవరు కాపురం ఉన్నారో ఉండదు. ఎవరి బంగారంతో గోడ లేచిందో ఉండదు. ఆ ఇంటి మీద కోర్టులో దావా నడుస్తున్నా, కోర్టు ఆర్డరు ఏదీ సబ్‌రిజిస్ట్రారు దాకా పోకపోతే, ఈసీ తనంతట తాను ఆ మాట చెప్పదు. ఈసీ చూసిన బ్యాంకుకు ఆ ఇల్లు ఖాళీ ఇల్లే. పొయ్యి దగ్గర నిలబడి ఉన్న మనిషి దానికి కనిపించదు.

ఇది మన ఊరి కథే కాదు. ఇంగ్లాండులోనూ ఒకప్పుడు ఇట్లనే ఉండేది. హేస్టింగ్స్ అనే ఊళ్ళో ఐన్స్‌వర్త్ అనే ఆయన 1957లో భార్యాపిల్లలను ఇంట్లోనే వదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటిని తన కంపెనీ పేరుకు మార్చి, నేషనల్ ప్రొవిన్షియల్ బ్యాంకులో తాకట్టు పెట్టించాడు. బాకీ తీరలేదు. బ్యాంకు ఇల్లు ఖాళీ చేయమంది. కింది అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్ భార్య పక్షాన నిలబడ్డారు. కానీ 1965లో అక్కడి పై కోర్టు, హౌస్ ఆఫ్ లార్డ్స్, బ్యాంకు వైపే తీర్పు ఇచ్చింది. ఇంట్లో ఉండే హక్కు ఆమెకు భర్త మీద ఉందే గానీ ఇంటి మీద లేదు, కాబట్టి అది బ్యాంకును కట్టిపడేయదు అన్నారు.

మనం చూడాల్సింది ఆ తీర్పు తర్వాత జరిగినది. రెండేళ్ళకే, 1967లో, అక్కడి పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇల్లు భర్త ఒక్కడి పేరున ఉన్నా, అందులో ఉండే హక్కు తనకుందని భార్య రిజిస్టరులో నమోదు చేసుకోవచ్చు. ఆ ఇంటిని కొనేవాడూ, దాని మీద అప్పు ఇచ్చేవాడూ ఆ నమోదును చూడకుండా ముందుకు పోలేరు. ఇల్లు భార్య పేరున ఉంటే అదే హక్కు భర్తకూ ఉంది. ఇప్పుడది 1996 కుటుంబ చట్టంలో భాగం. 1980లో బోలాండ్ అనే ఇంకో కేసు వచ్చింది. అందులో ఇల్లు భర్త పేరున ఉంది గానీ కొనేటప్పుడు భార్యా డబ్బు పెట్టింది, ఆ ఇంట్లోనే ఉంది. అప్పు ఇచ్చే ముందు ఆ ఇంట్లో ఎవరున్నారో విచారించుకోవాల్సిన భారం బ్యాంకుదే అని ఆమెను గెలిపించారు. అప్పటినుంచి అక్కడి బ్యాంకులు ఇంట్లో ఉండే పెద్దవాళ్ళ సంతకం కూడా తీసుకునే అలవాటు చేసుకున్నాయి.

మరి మనకు ఏముంది? మనకు చట్టం ఉంది. గృహహింస చట్టం 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఏ మతం ఆడవాళ్ళకైనా వర్తిస్తుంది. కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందని 17వ సెక్షను చెప్తుంది, ఇంటి మీద ఆమెకు పేరు ఉన్నా లేకపోయినా సరే. ఆ ఇంటిని అమ్మకుండా, దాని మీద కొత్త భారం వేయకుండా భర్తను ఆపే ఆర్డరు మేజిస్ట్రేటు ఇవ్వొచ్చని 19వ సెక్షను చెప్తుంది. కొత్త భారం అంటే తాకట్టే. ఇల్లు మామగారిదో అత్తగారిదో అయితే అందులో కోడలికి ఈ హక్కు లేదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. 2020 అక్టోబరు 15న సతీశ్ చందర్ అహూజా కేసులో అదే కోర్టు ఆ మాట తప్పు అని సరిదిద్దింది. ఖాతా మామగారి పేరున ఉండే మన ఇళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి హక్కు లేదని కాదు. చిక్కంతా అది కంటికి కనపడకపోవడంలోనే ఉంది. ఆమె ముందుగా పసిగట్టి, కోర్టుకు పోయి, ఆర్డరు తెచ్చుకుంటే తప్ప అది బ్యాంకు కంట పడదు. ఆయన సోమవారం పత్రాలు బ్యాంకులో పెడితే, ఆమెకు తెలిసేది నోటీసు గోడకు అంటించిన రోజే. ఇంగ్లాండులో హక్కు రిజిస్టరులో ఉంటుంది, మన దగ్గర చట్టం పుస్తకంలోనే ఉంటుంది.

బెంగళూరు కేసు చెప్పే పాఠం

మన రాష్ట్రం కేసు ఒకటి చెప్పుకోవాలి. బి.పి. అచల ఆనంద్, ఎస్. అప్పిరెడ్డి కేసు. 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బెంగళూరులో ఒక అద్దె ఇల్లు. అద్దెదారు భర్త. ఆయన భార్యను వదిలేశాడు, ఇంటి యజమాని ఖాళీ చేయించమని వేసిన కేసును పట్టించుకోవడం మానేశాడు. ఆ ఇంట్లో ఉన్నది ఆమె. భర్త వదిలేసిన భార్య, ఆ ఇంట్లోనే ఉంటే, భర్త బదులు తానే కేసు నడిపించుకోవచ్చని కోర్టు ఒప్పుకుంది. ఎంత మంచి మాట! కానీ అది భార్యగా ఉన్నంత వరకే అంది. విడాకులు అయ్యాక ఆ హక్కు విడాకుల డిక్రీలో ఏం రాసుకున్నారో దాని మీద ఆధారపడుతుంది. ఈ కేసులో అప్పటికే విడాకులు అయిపోయాయి, ఇంటి గురించి షరతు ఏదీ కోర్టు ముందుకు రాలేదు. కాబట్టి ఆమె ఓడిపోయారు.

ఇందులో మనం పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. "ఇద్దరికీ ఇష్టమే కదా, తొందరగా సంతకం పెట్టేసి పోదాం" అని పరస్పర అంగీకార విడాకుల కాగితం మీద సంతకం పెట్టేస్తాం. భరణం ఎంత, పిల్లలు ఎవరి దగ్గర అనేవి రాసుకుంటాం. ఇంట్లో ఎవరు ఉంటారు, లోను ఎవరు కడతారు, కట్టినవాళ్ళకు పత్రాలు ఎప్పుడు వస్తాయి, అప్పటిదాకా ఎవరూ ఇంకో అప్పు తీయకూడదు అనేవి కూడా అందులో ఉండాలి. పెళ్ళి అయిపోయినట్లు డిక్రీ వచ్చినా ఇంటి అప్పు అయిపోదు. 20 ఏళ్ళ లోను 20 ఏళ్ళూ నడుస్తుంది.

కట్టేది ఆమె, ఆగేది ఆయన దగ్గర

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది, లోనులోనూ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఆమెకు ఉద్యోగం ఉంది. ఆయన వెళ్ళిపోయాడు, కంతు కట్టడం మానేశాడు. ఇద్దరూ సంతకం పెట్టిన అప్పును బ్యాంకు ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. "నా సగం నేను కడతాను" అంటే కుదరదు. 90 రోజులు కంతు ఆగితే ఆ లోను మొండి బాకీ లెక్కలోకి పోతుంది. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, దాని తర్వాత ఇంటి స్వాధీనం. అందుకని ఆమె మొత్తం కంతు తానే కడుతుంది.

వేరే బ్యాంకులో వడ్డీ తక్కువని ఆమెకు తెలిసింది. లెక్క వేద్దాం. 20 ఏళ్ళకు 15 లక్షల లోను అనుకుందాం. వడ్డీ 9.5 శాతం అయితే నెల కంతు సుమారు 13,980 రూపాయలు. 8.5 శాతం అయితే సుమారు 13,020. నెలకు 960 రూపాయల తేడా. ఒంటరిగా పిల్లలను చదివించుకునే ఆమెకు అది గ్యాసు సిలిండరు, పిల్లల బస్సు పాసు. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి లోను ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. అంటే లోను మార్చుకునే దారి తెరిచే ఉంది. కొత్త బ్యాంకు వాళ్ళు ఫైలు చూసి "రెండో ఓనరు సంతకం ఏదమ్మా?" అంటారు. పాత బ్యాంకులో వడ్డీ తగ్గించమన్నా అదే మాట. ఆయన ఫోను ఎత్తడు. ఎత్తినా, "ఇంట్లో నా భాగం తేల్చు, అప్పుడు పెడతా" అంటాడు. ఒక్క సంతకం దగ్గర ఆమె జీతం నెలనెలా కరిగిపోతూ ఉంటుంది.

ఇద్దరు యజమానులుంటే ఇద్దరి సంతకం అడగడం తప్పు కాదని నేనూ ఒప్పుకుంటాను. ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఇల్లు కుదువ పెట్టకూడదు. నేను అడిగేది వేరు. ఉన్న బాకీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకుండా, వడ్డీ మాత్రమే తగ్గే మార్పు అయితే రెండో మనిషికి నష్టం ఏముంది? ఆయన బాకీ కూడా తగ్గుతుందే! అట్లాంటి మార్పుకు, కంతులు కడుతున్న మనిషి సంతకం చాలనే నియమం ఉండాలి. కనీసం అదే బ్యాంకులో వడ్డీ తగ్గించుకునేదానికైనా చాలాలి. వేరే బ్యాంకుకు మార్చాలంటే, రెండో వాళ్ళ సంతకం బదులు కోర్టు అనుమతి నెల రోజుల్లో దొరికే ఏర్పాటు ఉండాలి.

నెల రోజులు అని ఎందుకు అంటున్నానంటే, ఆడవాళ్ళ ఆస్తి కేసులు ఎన్నేళ్ళు నడుస్తాయో తెలుగువాళ్ళకు తెలియని సంగతి కాదు. నెల్లూరు తులసమ్మ కేసు చూడండి. ఆమె భర్త 1931లో చనిపోయారు. ఆస్తి మరిది శేషారెడ్డి చేతిలో ఉంది. 1944లో ఆమె భరణం కోసం దావా వేశారు. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకు ఇచ్చారు. బతికినన్నాళ్ళు అనుభవించాలి, అమ్మకూడదు అని షరతు. తర్వాత ఆమె అందులో కొంత కౌలుకు ఇచ్చి, కొంత అమ్మితే, ఆ హక్కు నీకు లేదని 1961లో మళ్ళీ దావా. 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. భరణం ఆమెకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, ముందునుంచీ ఉన్న హక్కు. దానికి బదులుగా వచ్చిన ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం పూర్తిగా ఆమెదే అంది. దేశంలో ఎందరో ఆడవాళ్ళకు ఆ తీర్పు మేలు చేసింది. కానీ తులసమ్మ గారికి 1944 నుంచి లెక్కేస్తే 33 ఏళ్ళు పట్టింది. చేతిలో ఉన్న ఆస్తిని వాడుకునేదానికి ఇంకొకరి ఒప్పుదల కావాలా అనే ప్రశ్నకు 33 ఏళ్ళు! ఇంటి లోను అంతకాలం ఆగదు.

ఎదురు మాటలు

నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటలోనూ సత్తువ ఉంది.

"భార్య సంతకం లేనిదే అప్పు లేదంటే బ్యాంకులు ఇంటి లోన్లే మానేస్తాయి" అంటారు. ఇంగ్లాండులో 1967 నుంచి ఆ నమోదు ఉంది, అక్కడ ఇంటి లోన్లు ఆగిపోలేదు. బ్యాంకుకు కావాల్సింది తన డబ్బుకు భద్రత. గొడవ ఉన్న ఇల్లని ముందే తెలిస్తే బ్యాంకుకే మంచిది. ఇంకో మాట, మన బ్యాంకులు ఇప్పుడు కూడా చాలాసార్లు భార్యతో సంతకం పెట్టించుకుంటాయి. అయితే అప్పు తీర్చే మనిషిగా పెట్టించుకుంటాయి, అడగాల్సిన మనిషిగా కాదు.

"ఆయనకు గుండె ఆపరేషను అనుకో. కోపంలో ఆమె సంతకం పెట్టకపోతే?" అంటారు. నిజమే, ఇది కొట్టిపారేయలేని మాట. అందుకే ఎవరి సంతకానికీ తిరుగులేని అధికారం ఉండకూడదు. కారణం లేకుండా పెట్టకపోతే కోర్టు త్వరగా అనుమతి ఇవ్వాలి. నేను ఆయన విషయంలో అడిగిన నెల రోజుల గడువు ఆమె విషయంలోనూ ఉండాలి. ఇల్లు ఆమె పేరున ఉండి ఆయన అందులో ఉంటే ఆయన్నీ అడగాలి.

"ఆయన కష్టార్జితం మీద ఈమె పెత్తనం ఏంటి?" అనేది మూడోది. మన దేశంలో, గోవాను వదిలిపెడితే, పెళ్ళైనంత మాత్రాన ఒకరి ఆస్తిలో ఇంకొకరికి సగం రాదు. నేను ఆ సగం అడగడం లేదు. ఆ చర్చ వేరే. ఇల్లు ఆయనదే అనుకున్నా, అందులో కాపురం ఉన్న మనిషి తలమీద కప్పును పణంగా పెట్టే ముందు ఆ మనిషిని ఒక మాట అడగమంటున్నాను. అద్దెకు ఉన్నవాళ్ళకైనా నోటీసు ఇస్తాం కదా!

ఏం మారాలి, ఎవరు మార్చాలి

మొదటిది రాష్ట్రం చేయాల్సిన పని. కాపురం ఉన్న ఇంటి మీద భార్య హక్కును ఒక చిన్న అర్జీతో నమోదు చేసుకునే వీలు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఉండాలి. అది ఈసీలో కనిపించాలి. ఇది గాలిలో మేడ కాదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఆస్తి మీద దావా ఉన్నట్లు నోటీసు రిజిస్టరు చేసే పద్ధతి 1939 నాటి సవరణ నుంచీ ఉంది. దావాకు వీలైనప్పుడు కాపురానికి ఎందుకు వీలు కాదు?

రెండోది బ్యాంకులది. ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో పోయి చూసి రావాలి, వాళ్ళ ఒప్పుదల తీసుకోవాలి. విలువ కట్టేదానికి ఇంజనీరును పంపిస్తారు, గోడలు కొలిపిస్తారు. ఆ గోడల మధ్య ఉన్న మనిషిని పలకరించడం పెద్ద పని కాదు.

మూడోది మనది. చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇప్పుడు కూడా చేయగలిగినవి ఉన్నాయి.

ఇంటి మీద హక్కు కోసం దావా వేస్తే, వేసిన రోజు నుంచీ ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను కాపాడుతుంది. ఆ తర్వాత ఆయన చేసే అమ్మకమైనా తాకట్టయినా దావా తీర్పుకు లోబడే ఉంటుంది. అయితే ఆ ఇల్లు నేరుగా దావాలో ఉండాలి. వట్టి భరణం అడిగితే చాలదు, ఆ భరణానికి ఈ ఇంటిని పూచీగా ఉంచమని కూడా అడగాలి. తాకట్టు పెడతారని అనుమానం వస్తే గృహహింస చట్టం కింద ఆపుదల ఆర్డరు అడగొచ్చు. మన రాష్ట్రంలో దీనికి రక్షణాధికారి తాలూకాలోని సీడీపీఓ, అంటే అంగన్‌వాడీల పైఅధికారి. ఆర్డరు వచ్చాక దాని నకలు సబ్‌రిజిస్ట్రారుకూ బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. "మాకు తెలియదు" అనే మాట అప్పుడు చెల్లదు. వకీలుకు డబ్బు లేదని ఆగక్కర్లేదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెప్తుంది. తాలూకా కోర్టులోనే ఆ సమితి ఉంటుంది. ఫోను చేయాలంటే 15100.

కంతులు కట్టే ఆమె తన సొంత ఖాతా నుంచే కట్టాలి. ఆయన చేతికి నోట్లు ఇచ్చి కట్టమంటే రేపు సాక్ష్యం ఉండదు. తన వంతు కంటే ఎక్కువ కట్టినది రెండో వాళ్ళ నుంచి రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టంలోనే ఉంది, కానీ దానికి కాగితం కావాలి. లోను తీరిపోయాక 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వకపోతే, ఆలస్యం బ్యాంకుదే అయితే, రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం 2023 డిసెంబరు 1 నుంచి ఉంది. ఆ పత్రాలు ఎవరి చేతికి పోతాయో ముందే బ్యాంకుతో రాతలో తేల్చుకోవాలి.

ఇక మన చదువుకు సంబంధించిన మాట. మన పక్క ఇంట్లో మాట తెలుగు, పత్రం కన్నడ, బ్యాంకు ఒప్పందం ఇంగ్లీషు. అమ్మ "తాకట్టు" అంటుంది. పత్రంలో "అడమానం" అని ఉంటుంది. బ్యాంకు కాగితంలో "మార్టిగేజ్" అని ఉంటుంది. మూడూ ఒకటేనని తెలియక, "ఏదో ఫారం అంట, సంతకం పెట్టు" అంటే పెట్టినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఈ మూడు భాషలూ చదవగలిగినది ఆ ఇంట్లో తరచుగా మనం ఒక్కళ్ళమే. కావేరి ఆన్‌లైన్‌లో ఈసీ తీసేది పెద్ద విద్య కాదు. ఈసీలో లేని బ్యాంకు తాకట్లు సెర్సాయి అనే కేంద్ర రిజిస్టరులో ఉంటాయి, కొద్ది రుసుము కట్టి అక్కడా వెతకొచ్చు. మనం పద్యానికి ప్రతిపదార్థం రాసినట్లే, ఇంటి పత్రానికి కూడా ప్రతిపదార్థం రాసి అమ్మకు చదివి వినిపించొచ్చు.

మన విభాగం మేడమ్‌లను ఒకటి అడుగుతున్నాను. ఏడాదికి ఒక్క రోజు, ఒక వకీలమ్మను పిలిపించి, ఈసీ, ఖాతా, లోను ఒప్పందం ఎట్ల చదవాలో మన తరగతిలో చెప్పించండి. కన్నడ పత్రంలోని మాటలకు తెలుగు అర్థాలు రాసిన ఒక పట్టిక మనమే తయారు చేసి ఈ గోడ మీదే పెడదాం. చట్టం మార్చడం మన చేతిలో లేదు. చదవకుండా మన ఇంట్లో ఎవరూ సంతకం పెట్టకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.